ఖాళీ సీసా చెప్పే కబుర్లు



ఈరోజు నేను మాట్లాడబోయేది బీరు సీసాల గురించి. కంగారుపడి రేడియో కట్టేయకండి. లోపల ఉన్నదానితో మనకి పనిలేదు. సీసాకి అంటించిన లేబులు, నెత్తిన బిగించిన మూత, అడుగున గాజులోనే పోతపోసిన అక్షరాలు, బార్లలో గ్లాసు కింద పెట్టే అట్టబిళ్ళ, గోడకి తగిలించే పింగాణీ బోర్డు, కంపెనీ పంచిపెట్టిన ఓపెనరు, క్యాలెండరు... వీటి గురించి. వీటిని వెతికి వెతికి పోగేసుకోవడం ప్రపంచంలో చాలామందికి ఉన్న వ్యాపకం. తపాలా బిళ్ళలు, పాత నాణేలు, అగ్గిపెట్టె బొమ్మలు దాచుకునేవాణ్ణి మనం ముచ్చటగా చూస్తాం. అదే మనిషి బీరు లేబుళ్ళు దాస్తున్నాడని తెలిస్తే, వాళ్ళావిడ వంక జాలిగా చూస్తాం.

ఎలమంచిలి లాంటి ఊళ్లో ఆ చూపు ఇంకాస్త గట్టిగా ఉంటుంది. మెయిన్ రోడ్డుకి ఈ కొసన తుమ్మితే ఆ కొసన "చిరంజీవ" అనే ఊరు మాది. అలాంటి చోట, బడిలో సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరైన మనిషి పాత సామాన్ల కొట్టు ముందు నిలబడి, ఖాళీ బీరు సీసాలు ఒక్కొక్కటే ఎత్తి వెలుతురుకి పెట్టి చూస్తుంటే ఏమనుకుంటారో మీరే ఊహించుకోండి. కొట్టతను మాత్రం మొహం మీదే అనేస్తాడు: "ఏటి మేస్టారూ, నిండుదానికి లేని బేరం ఖాళీదానికి ఆడతన్నారు!"

నేను తాగను. ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు గనక ఊళ్లో చెప్పడం మానేశాను. రేడియోలో నా మొహం కనపడదు కాబట్టి మీకు చెబుతున్నాను. తాగనివాడికి ఈ లేబుళ్ళెందుకంటే, నేను ఇన్నేళ్ళూ పాఠం చెప్పిన సంగతులన్నీ వాటి మీద ఉన్నాయి గనక. రాష్ట్రాల సరిహద్దులు, చట్టాలు, ధరలు, పన్నులు, ఎన్నికల హామీలు అన్నీ అరచేతి వెడల్పు కాగితం మీద అచ్చై ఉంటాయి. పాఠ్యపుస్తకం పదేళ్ళకోసారి మారుతుంది. బీరు లేబులు, చట్టం మారితే చాలు, మారిపోతుంది.

ముందు పెద్ద ప్రపంచం సంగతి కొంచెం చూద్దాం.

1876 జనవరి 1న ఇంగ్లండులో ట్రేడ్‌మార్కుల నమోదు మొదలైంది. ఆ రిజిస్టరులో ఒకటో నంబరు దక్కింది బర్టన్ అనే ఊరిలోని బాస్ బీరు కంపెనీ వాళ్ల ఎర్ర త్రిభుజానికి. తర్వాత ఆరేళ్ళకి, 1882లో, ఫ్రెంచి చిత్రకారుడు ఎదువార్ మానె పారిస్‌లోని ఒక వినోదశాల బారుని పెద్ద బొమ్మగా వేశాడు. ఎదురుగా అమ్మకాలు చూసే అమ్మాయి, బల్ల మీద సీసాలు. వాటిలో కొన్నింటి మీద అదే ఎర్ర త్రిభుజం. పేరు రాయక్కర్లేదు, గుర్తు చూస్తే చాలు, ఏ ఊరి సరుకో తెలిసిపోతుంది. మన పొరుగునే ఉన్న ఏటికొప్పాక లక్కబొమ్మకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది చూడండి, దాని వెనకున్న ఆలోచన కూడా ఇదే. ఈ సరుకు ఈ ఊరిదే, వేరేవాళ్ళు ఈ పేరు వాడుకోకూడదు అని.

మూత కథ అమెరికాది. బాల్టిమోరులో విలియం పెయింటర్ అనే ఆయన 1892లో ఈ అంచు ముడతల మూతకి పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందు సీసాకి బిరడా బిగించి తీగ చుట్టేవారు. గ్యాసు తోసుకొచ్చేది, కారిపోయేది. పెయింటర్ మూత చవక, వాడి పారేసేది, గాలి పోనివ్వనిది. మొదట్లో దాని అంచుకి 24 పళ్ళుండేవి, ఇప్పుడు 21. ఈసారి ఏ కూల్‌డ్రింకు మూతైనా చేతికొస్తే లెక్కపెట్టి చూడండి. మూత లోపల పాత రోజుల్లో బెరడు బిళ్ళ ఉండేది, తర్వాత ప్లాస్టిక్ పూత వచ్చింది. అందుకే మూతలు పోగేసేవాడు ముందు బొమ్మ చూడడు, తిరగేసి లోపలిభాగం చూస్తాడు. బెరడు కనిపిస్తే కళ్ళు మెరుస్తాయి.

గ్లాసు కింద అట్టబిళ్ళ జర్మనీ వాళ్ల పని. 1880లో ఫ్రీడ్రిష్ హోర్న్ అట్టతో చేశాడు. 1892లో డ్రెస్డెన్ నగరానికి చెందిన రాబర్ట్ స్పూత్ కలపగుజ్జుతో చేసి పేటెంటు తీసుకున్నాడు. నురగ పొంగి కారితే పీల్చుకోవడం దాని పని. ఖాళీగా ఉన్న అట్ట మీద బొమ్మ అచ్చేస్తే ప్రచారం అయిపోతుందని కంపెనీలకి వెంటనే తట్టింది. ఇక బీరు డబ్బా 1935 జనవరి 24న అమెరికాలో రిచ్‌మండ్ పట్నంలో మొదటిసారి అంగట్లోకి వచ్చింది, క్రూగర్ అనే కంపెనీ పేరుతో. ఇలా ఒక్కొక్క వస్తువు పుట్టడం, దాని వెనకే దాన్ని దాచేవాళ్ళు పుట్టడం. 1960లో బ్రిటనులో అట్టబిళ్ళల వాళ్ళు సంఘం పెట్టుకున్నారు. 1970లో అమెరికాలో డబ్బాల వాళ్ళు సంఘం పెట్టుకున్నారు. వియన్నాకి చెందిన లియో పిస్కర్ అనే ఆయన లక్షా యాభై రెండు వేలకు పైగా అట్టబిళ్ళలు పోగేసి గిన్నిస్ రికార్డుకెక్కాడు.

ఆ గిన్నిస్ అనే పేరు కూడా బీరుదే. ఐర్లండులో 1951లో వేటకి వెళ్లిన కొందరి మధ్య, యూరపులో వేటాడే పిట్టల్లో ఏది అన్నిటికన్నా వేగంగా ఎగురుతుందని వాదన వచ్చింది. వాళ్లలో గిన్నిస్ బీరు కంపెనీ మేనేజింగ్ డైరెక్టరు హ్యూ బీవర్ ఉన్నారు. ఎంత వెతికినా జవాబు దొరకలేదు. బీరుకొట్లలో ఇలాంటి పందేలు రోజూ జరుగుతాయి కదా, తేల్చి చెప్పే పుస్తకం ఒకటుంటే బాగుండునని ఆయనకి అనిపించింది. 1955లో పుస్తకం వచ్చింది. మన పిల్లలు అతి పొడుగు గోళ్ళ గురించి, అతి పెద్ద దోసె గురించి చదువుకునే ఆ పుస్తకం ఒక బీరు కంపెనీ ప్రచారంగా మొదలైందన్నమాట.

ఇక మన దేశానికి వద్దాం.

బీరు మనకి ఓడల్లో వచ్చింది. ఈస్టిండియా కంపెనీ దొరలకి, సిపాయిలకి లండను నుంచి, బర్టన్ నుంచి పీపాల్లో వచ్చేది. ఆఫ్రికా చుట్టూ తిరిగి, నెలల తరబడి ఎండకీ కుదుపుకీ తట్టుకోవాలి కనక చేదునిచ్చే హాప్స్ పువ్వు దండిగా వేసేవారు. అలా తయారైన రకానికే ఇండియా పేల్ ఏల్ అని పేరు. ఈరోజు అమెరికాలో ఏ చిన్న ఊళ్లో కొత్త బీరు తయారైనా, దాని లేబులు మీద మన దేశం పేరు కనిపించే అవకాశం ఉంది.

తర్వాత ఇక్కడే కాచడం మొదలుపెట్టారు. చల్లటి కొండలు కావాలి గనక ఉత్తరాన కసౌలి, దక్షిణాన నీలగిరులు. కసౌలిలో ఎడ్వర్డ్ డయ్యర్ పెట్టిన బీరు వ్యాపారమే తర్వాత మోహన్ మీకిన్ అయింది. 1855 నుంచీ ఉన్నామని ఆ కంపెనీ లెక్క. దాని సింహం గుర్తు బీరు ఆసియాలోనే పాతదిగా పేరుబడింది. ఆ డయ్యర్ కొడుకే 1919లో జలియన్‌వాలాబాగ్‌లో కాల్పులు జరిపించిన జనరల్ డయ్యర్. ఆ కుటుంబం చేతిలోంచి మారి, స్వాతంత్ర్యం వచ్చాక 1949లో నరేంద్రనాథ్ మోహన్ చేతికొచ్చింది ఆ వ్యాపారం. సింహం లేబులు కింద కంపెనీ పేరు ఎలా మారుతూ వచ్చిందో వరసగా పేర్చి పిల్లలకి చూపిస్తే, అధికార మార్పిడి అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

దక్షిణాదిన 1857 నాటి కేజిల్ బ్రూవరీతో సహా ఐదు చిన్న కర్మాగారాల్ని కలిపి, థామస్ లీష్‌మన్ అనే స్కాట్లండు దేశస్థుడు 1915లో యునైటెడ్ బ్రూవరీస్ పెట్టాడు. ఎడ్లబళ్ళ మీద పీపాలెక్కించి సైనికుల దండులకి తోలేవారు. 1947లో విఠల్ మాల్యా ఆ కంపెనీకి మొదటి భారతీయ డైరెక్టరు అయ్యారు. 1978లో వాళ్ళు లకుముకి పిట్ట బొమ్మతో తెచ్చిన బీరు, దేశంలో ఏ బ్రాందీ షాపులో చూసినా కనిపించేంతగా పెరిగింది. మన కొండకర్ల ఆవ గట్టున చేప కోసం తీగ మీద కాపేసే పిట్ట జాతే అది.

టీవీలో మద్యం ప్రకటనలు కుదరవు. అందుకని మన దేశంలో కంపెనీలు ఆ పేర్లని సోడా మీద, మంచినీళ్ల సీసా మీద, క్యాలెండరు మీద, ఆటగాళ్ళ చొక్కా మీద అచ్చేస్తూ వచ్చాయి. ఆ లకుముకి పిట్ట కంపెనీ అయితే 2005లో ఏకంగా విమానాల మీదే పిట్టని ఎక్కించింది. 2012 అక్టోబరులో ఆ విమానాలు నిలిచిపోయాయి. ఎగరడం మానేసిన సంస్థ బోర్డింగు పాసు, చెంచా, చిన్న పౌచీ ఇప్పుడు ఈ వ్యాపకం ఉన్నవాళ్లకి కావలసిన వస్తువులు. నిషేధం ప్రచారాన్ని ఆపలేదు, దారి మళ్ళించింది. అలా మళ్లిన దారుల్లోనే మనకి వస్తువులు దొరుకుతాయి.

ఇప్పుడు మన గడ్డ మీదికి.

మన పల్లెల్లో మద్యం అంటే తరతరాలుగా చెట్టు నుంచి దిగేది. తాటికల్లు, ఈతకల్లు. పొద్దున దించిన కల్లుకి లేబులు లేదు, మూత లేదు, కంపెనీ లేదు. తాటాకు దొప్పలో పోస్తే తాగేసి దొప్ప పారేస్తారు. సాయంత్రానికి పులిసిపోయేదానికి తారీకు వేయాల్సిన పనేముంది? గీసేవాడు ఎవడో, చెట్టు ఏదో అందరికీ తెలుసు. దూరం నుంచి వచ్చే సరుక్కి, ముక్కూమొహం తెలియనివాడు చేసిన సరుక్కి లేబులు కావాలి. సర్కారు పన్ను వెయ్యాలనుకున్న సరుక్కి మరీ కావాలి. అందుకే మన దగ్గర బీరు లేబులు సగం కంపెనీది, సగం సర్కారుది. ప్రతి రాష్ట్రంలోనూ ఎక్సైజు శాఖ ఆ లేబులుని పరిశీలించి ఒప్పుకుంటేనే సీసా బయటికొస్తుంది. ఈ రాష్ట్రంలో మాత్రమే అమ్మకానికి అని దాని మీద అచ్చేయాలి.

ఆ చిన్న వాక్యం వల్లే మన లేబుళ్ల సేకరణ మరే దేశంలో సేకరణకీ లేని అందం తెచ్చుకుంటుంది. ఆల్బములో తెలుగునేల పుటలు కాలక్రమంలో పేర్చబోతే రెండు పెద్ద ఖాళీలు మిగులుతాయి.

మొదటి ఖాళీ 1948లో మొదలు. ఆ ఏడాది అక్టోబరు 2న గాంధీ జయంతి నాడు మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధం అమల్లోకి వచ్చింది. అప్పటికి మనది మద్రాసు రాష్ట్రంలోని విశాఖపట్నం జిల్లా. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపడినా చట్టం మన వెంటే వచ్చింది. ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం 1954 నవంబరులో పడిపోయింది ఈ మద్యనిషేధం గొడవ మీదే, అదీ ఒక్క ఓటు తేడాతో. 1956లో తెలంగాణ వచ్చి కలిసింది. అక్కడ నిజాం కాలం నుంచీ ఆబ్కారీ ఆదాయం ఉంది, నిషేధం లేదు. ఒకే రాష్ట్రంలో అటు ఒక చట్టం, ఇటు ఒక చట్టం. 1968లో రాష్ట్రమంతటికీ ఎక్సైజు చట్టం చేశాక, ఆ దశకం చివరికి కోస్తాలో నిషేధం తొలగింది. ఆ ఇరవై ఏళ్ళ కాలానికి హైదరాబాదు వైపు లేబులు దొరికినా దొరకొచ్చు. ఎలమంచిలిలో చట్టబద్ధంగా అమ్మిన సీసా లేబులు మాత్రం దొరకదు.

రెండో ఖాళీ మనలో చాలామందికి గుర్తున్నదే. 1980ల్లో వారుణి వాహిని అనే పథకం కింద సర్కారే సారా పాకెట్లు ఊరూరా చేరవేసింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి వెళ్లిన ఆడవాళ్ళు వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం చదివి, అది తమ ఇంటి కథేనని గుర్తుపట్టి, 1992లో ఊళ్లోకి సారా రానివ్వకుండా అడ్డం నిలబడ్డారు. వర్ధినేని రోశమ్మగారి పేరు అలా రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం. 1994 ఎన్నికల్లో ఎన్టీ రామారావుగారు సంపూర్ణ మద్యనిషేధం హామీ ఇచ్చి గెలిచారు. 1995 జనవరి 16 నుంచి బీరుతో సహా అన్నీ బంద్. 1997లో సడలించారు.

ఆ రెండేళ్లకి నా పుటలో ఏముండాలి? కోనసీమ పక్కన, నాలుగు వైపులా మన నేలే ఉన్న యానాం ఉంది కదా, అది పాండిచ్చేరిది. మన చట్టం దానికి అంటదు. పాండిచ్చేరిలో మాత్రమే అమ్మకానికి అని అచ్చైన ఆ కాలపు లేబులు మనవైపు ఊళ్లో దొరికిందంటే, అది సరిహద్దు దొంగచాటుగా దాటిన సీసా అన్నమాట. లేబులు ఒక్క మాట అబద్ధం ఆడలేదు. దొరికిన చోటు మాత్రం మొత్తం గుట్టు బయటపెడుతుంది. అందుకే సేకరించేవాడికి లేబులు ఎంత ముఖ్యమో, అది దొరికిన ఊరి పేరూ అంతే ముఖ్యం.

ఆ తర్వాత వచ్చిన మార్పులూ లేబులు మీద చదువుకోవచ్చు. 2014 జూన్ 2 వరకూ సంగారెడ్డి దగ్గర తయారైన సీసా మీద ఆంధ్రప్రదేశ్‌లో మాత్రమే అమ్మకానికి అని ఉండేది. రాష్ట్రం విడిపోయాక అదే కర్మాగారం, అదే బీరు, లేబులు మీద తెలంగాణ. 2019 ఏప్రిల్ 1 నుంచి ఆహార భద్రతా సంస్థ నియమాల ప్రకారం, మద్యం ఆరోగ్యానికి హానికరం, తాగి బండి నడపవద్దు అనే హెచ్చరిక నిర్ణీత రూపంలో తప్పనిసరైంది. 2019 అక్టోబరు నుంచి 2024 అక్టోబరు వరకు మన రాష్ట్రంలో ప్రభుత్వమే దుకాణాలు నడిపింది. ఆ ఐదేళ్లలో అలవాటైన పేర్లు అరుదైపోయి, ఎన్నడూ వినని పేర్లు అరల్లోకి వచ్చాయి. వాటి మీద వచ్చిన హాస్యోక్తులు మీరు వినే ఉంటారు. నాకు ఆ వాదాలతో పనిలేదు. ఆ కొత్త పేర్ల లేబుళ్ళు ఎంత తొందరగా వచ్చాయో అంత తొందరగా వెళ్లిపోతాయని మాత్రం అనిపించి, వాటిని ముందు తీసిపెట్టాను.

లేబులు చేతికొస్తే ఏం చూడాలి? ఎక్కడ తయారైంది, ఏ రాష్ట్రానికి, తయారీ తేదీ, బ్యాచి నంబరు, గరిష్ఠ ధర, సీసా పరిమాణం. మన దగ్గర పెద్ద సీసా 650 మిల్లీలీటర్లు, చిన్నది 330. స్ట్రాంగా, మామూలా. ఒకే బొమ్మ ఉన్న లేబుళ్ళు కొన్నేళ్లవి పక్కపక్కన పెడితే, బొమ్మ కదలదు, ధర మాత్రం మెట్లెక్కుతూ పోతుంది. అందులో బీరు ఖరీదెంత, పన్నెంత అనే ప్రశ్న పిల్లలకి వేశారనుకోండి, పరోక్ష పన్నుల పాఠం అక్కడికక్కడే మొదలవుతుంది. చిన్నపిల్లలకైతే ఇదే పాఠం బిస్కెట్ పొట్లంతో చెప్పండి, లేకపోతే హెడ్మాస్టరుగారి గదికి పిలుపొస్తుంది.

సరే, ఎక్కడ దొరుకుతాయి?

మన ఊరు హైవే మీద ఉంది, రైలు దారి మీదా ఉంది. శ్రీకాకుళం జిల్లా రణస్థలం దగ్గర బంటుపల్లిలో పెద్ద బీరు కర్మాగారం ఉంది. అక్కణ్ణించి ఇదే హైవే మీద నిండు సీసాలు వస్తాయి, ఖాళీవి తిరిగి వెళతాయి. మన దేశంలో బీరు సీసా ఒక్కసారి వాడి పగలగొట్టేది కాదు. తాగేసిన సీసా వీధుల్లో తిరిగే పాత సీసాలవాడి బండిలోకి, అక్కణ్ణించి తుక్కు కొట్లోకి, అక్కణ్ణించి పెద్ద వ్యాపారి గోదాములోకి, అక్కణ్ణించి లారీలో మళ్లీ కర్మాగారానికి చేరుతుంది. అక్కడ కాస్టిక్ సోడా కలిపిన వేడినీళ్లలో కడుగుతారు. లేబులు ప్రాణం అక్కడితో సరి. సీసా పదే పదే పుడుతుంది, లేబులు ఒక్కసారే బతుకుతుంది. తుక్కు కొట్టుకీ లారీకీ మధ్యనున్న నాలుగు రోజులే మనకి వేటకాలం.

సీసా చాలావరకు గోధుమరంగులో ఎందుకుంటుందో కూడా చెప్పేస్తాను. వెలుతురు తగిలితే హాప్స్‌లోని పదార్థాలు మారి దుర్వాసన వస్తుంది. గోధుమరంగు గాజు ఆ వెలుతురుని ఆపుతుంది. ఆకుపచ్చ గాజు అంత బాగా ఆపలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. నకిలీ మద్యం చేసేవాళ్లకి కూడా ఖాళీ సీసాలు, మూతలు, లేబుళ్ళే కావాలి. కాబట్టి వాడని కొత్త లేబుళ్ల కట్టలు, కొత్త మూతల సంచులు, ఎక్సైజు హోలోగ్రాములు ఎవరైనా అమ్మజూపితే దండం పెట్టి వచ్చేయండి. ఎక్సైజు వాళ్లకి మన వ్యాపకం గురించి వివరించి చెప్పే అవసరం రాకుండా ఉండటమే మేలు. వాడినవే తీసుకోండి. ఒక్కో రకానికి ఒకటో రెండో చాలు. నిండు సీసాలు ఇంట్లో దాచడానికి చట్టంలో పరిమితులున్నాయి. ఈ వ్యాపకానికి వాటి అవసరమే లేదు.

లేబులు ఊడదీయడం ఓపిక పని. గోరుతో గీకకూడదు. బకెట్లో గోరువెచ్చని నీళ్ళు పోసి, సీసా ముంచి వదిలేయాలి. పాతరకం బంకతో అంటించినవి వాటంతట అవే తేలివస్తాయి. స్టిక్కరు రకాలు నీళ్లకి లొంగవు, వాటికి హెయిర్ డ్రయ్యరు వేడి చూపించి ఒక మూల నుంచి నెమ్మదిగా లాగాలి. తడి లేబులుని పాత వార్తాపత్రికల మధ్య పరిచి, పైన బరువైన పుస్తకాలు పెట్టాలి. మా ఇంట్లో ఆ పని నిఘంటువు చేస్తుంది. ఆరాక జిగురుతో అంటించకండి. తపాలా బిళ్ళల వాళ్ళు వాడే చిన్న కాగితపు మడతలు గాని, పారదర్శకమైన కవర్లు గాని వాడండి.

మన తీరంలో అసలు శత్రువు తేమ. పూడిమడక సముద్రపు గాలి ఎలమంచిలి దాకా వస్తుంది, మూతల మీద తుప్పు పెడుతుంది. కాగితానికి బూజు, పురుగు, చెదలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మన జిల్లాలో ఎన్ని ఇళ్లలో ఎన్ని పాత కాగితాలు, ఫోటోలు, పుస్తకాలు తడిసి ముద్దయ్యాయో మీకు తెలుసు. కాబట్టి నేలకి ఎత్తుగా, గోడకి ఎడంగా, మూత గట్టిగా పట్టే డబ్బాలో, తేమ పీల్చే పొట్లాలు వేసి దాచండి. మూతల్ని కడిగి, బాగా తుడిచి, ఎండలో ఆరబెట్టి మరీ లోపల పెట్టండి. అన్నిటికీ ఫోటో తీసి ఉంచుకోండి.

ఇప్పుడు మీలో చాలామంది మనసులో ఉన్న ప్రశ్నకి వస్తాను. ఇదంతా తాగుడికి హారతి పట్టడం కాదా?

ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. ఈ జిల్లాలో కూలి డబ్బులు సాయంత్రానికి ఎక్కడ తేలతాయో ఆడవాళ్లని అడిగితే తెలుస్తుంది. అందుకే నా మాట ఒకటుంది. ఒట్టి లేబుళ్ళే అతికించుకుని మురిసిపోతే అది సగం సేకరణే. దూబగుంట ఆడవాళ్ళు చదివిన ఆ వాచకం ప్రతి, సారా వ్యతిరేక సభల కరపత్రం, పల్లె గోడ మీద రాతల ఫోటో, 1995 జనవరి నాటి దినపత్రిక... ఇవి లేబులు పక్కనే ఉండాలి. ఒక పుటలో అమ్మినవాడి మాట, ఎదుటి పుటలో వద్దన్నవాళ్ల మాట. ఇంకోటి చూడండి. మన రాష్ట్ర రాజకీయాన్ని తలకిందులు చేసిన మద్యం వస్తువు బీరు సీసా కానే కాదు, ప్లాస్టిక్ సారా పాకెట్టు. ఊరూరా లెక్కలేనన్ని పంచారు. అన్ని పాకెట్లలో ఒక్కటి ఎవరి ఇంట్లోనైనా ఉందా? రంగుల బొమ్మ ఉన్న లేబులుని దాచాం, పేదవాడు చింపి పారేసిన పాకెట్టుని దాచలేదు. ఎవరి దగ్గరైనా ఉంటే, దయచేసి పారేయకండి. ఏ మ్యూజియానికో, ఏ కాలేజీ చరిత్ర విభాగానికో ఇవ్వండి.

బీరు పొడ గిట్టనివాళ్లకి కూడా ఇందులో చోటుంది. మన కోస్తాలో రాజుగారి సోడా తెలియనివాళ్ళుండరు. రామచంద్రపురంలో 1919లో అడ్డూరి వారి సోడా వ్యాపారంగా మొదలై, 1955లో ఆర్టోస్ అనే పేరు పెట్టుకుని, విదేశీ కంపెనీల ధాటికి తట్టుకుని ఇప్పటికీ నిలబడ్డ మన పానీయం. దాని పాత సీసాలు, పాత మూతలు ఎంతమంది దాచారు? గోళీసోడా సీసా ఇంగ్లండు ఇంజినీరు హైరమ్ కాడ్ 1870ల్లో కనిపెట్టినది. ఆ దేశంలో అది ఏనాడో పోయింది, మన వీధుల్లో మాత్రం మొన్నమొన్నటిదాకా చేతిలో ఆడింది. పిల్లలు గోళీ కోసం సీసాలు పగలగొట్టినందువల్లే పాతవి దొరకడం కష్టమైందని కాడ్ సొంత దేశంలోనూ అంటారు. మన పిల్లలకీ ఆ నేరంలో వాటా ఉంది. అనకాపల్లి బెల్లం మీది గుర్తులు, ఊరి మిల్లు బియ్యం సంచి మీది బొమ్మ, బీడీ కట్ట చీటీ, అన్నీ ఈ కోవలోవే. ఇవాళ సంతలో ఉచితంగా దొరికేది ఇరవై ఏళ్లకి ఎంత వెతికినా దొరకదు.

మొదలుపెట్టాలనుకునేవాళ్లకి ఆఖరిగా ఒక్క నియమం చెబుతాను. లేబులు దొరికిన వెంటనే, ఆరిన వెంటనే, వెనక వైపు పెన్సిలుతో రెండు ముక్కలు రాయండి. తేదీ, ఊరు. పెన్ను వద్దు, సిరా ముందువైపుకి దిగుతుంది. ఆ రెండు ముక్కలు లేని లేబులు ఎంత అందంగా ఉన్నా ఒట్టి రంగుకాగితం. అవి ఉన్న లేబులు, చిరిగి మాసిపోయినా, సాక్షి. తుక్కు కొట్టతను ఏమన్నా పట్టించుకోకండి. నాకు అలవాటైపోయింది, ఈమధ్య ఆయనే కొత్త లేబులు వస్తే పక్కన పెట్టి కబురు చేస్తున్నాడు.